చెరువు ఖర్చు ఏ ఖాతాలో వేయాలి? ఆనేకల్ వైపు ఒక ఫ్యాక్టరీ అనుభవం

2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్, చందాపుర చెరువును కలుషితం కానిచ్చినందుకు కర్ణాటక ప్రభుత్వం 500 కోట్ల రూపాయల పరిహారం కట్టాలని చెప్పింది. ఆ చెరువున్న ఆనేకల్ తాలూకాలో, అంటే బెంగళూరు దక్షిణాన బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామికవాడల్లో చెరువులు బాగుచేసే పని చూసే మాలాంటి వాళ్లకు ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. అందరి మాటా ఇంచుమించు ఒకటే: "మా పక్కన ఒక చెరువుంది సార్, దత్తత తీసుకుందామనుకుంటున్నాం. ప్లాన్ ఇవ్వండి."

అలా వచ్చిన వాటిలో ఒకటి ఈ కేసు. కంపెనీ పేరు, చెరువు పేరు చెప్పను. బండ్లకు కావలసిన రేకు భాగాలను వంచి, తుప్పు పట్టకుండా ఫాస్ఫేట్ ద్రావణంలో శుద్ధి చేసి (ఫాస్ఫేటింగ్), పౌడర్ కోటింగ్ వేసి పంపే ఫ్యాక్టరీ. ప్లాంట్ హెడ్‌ది నెల్లూరు. కార్మికుల్లో హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు వాళ్లు ఎక్కువ. కాంపౌండు వెనక గోడకు ఆనుకుని సుమారు 20 ఎకరాల చెరువు. గట్టు అవతల ఊళ్లో సగం ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లు.

నన్ను పిలిచేసరికే వాళ్ల చేతిలో రంగుల డ్రాయింగు ఒకటి ఉంది. చెరువు చుట్టూ ఇనుప కంచె, ఇంటర్‌లాక్ టైల్స్‌తో నడకదారి, మధ్యలో ద్వీపం, సోలార్ దీపాలు, సెల్ఫీ పాయింట్, గేటు మీద కంపెనీ లోగో. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో, ఎటు పోతాయో ఆ డ్రాయింగులో ఎక్కడా లేదు. ఇలాంటి బొమ్మలు నేను చాలా చూశాను. ప్రారంభోత్సవం రోజున బాగానే ఉంటాయి. రెండో ఏడాది గుర్రపుడెక్క కమ్మేస్తుంది, మూడో ఏడాది కంచె తీగ పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరుతుంది.

చెరువు దగ్గర కంపెనీ బాధ్యతగా ఉందా లేదా అన్నది కట్టిన ఏడాదిలో తేలదు, అయిదో ఏడాదిలో తేలుతుంది. అయిదో ఏడాదిలో డబ్బు రావాలంటే ఆ ఖర్చు దానధర్మాల పద్దులో ఉండకూడదు, ఫ్యాక్టరీ నడిపే ఖర్చులో ఉండాలి. ఈ ఒక్క మార్పు కోసం మిగతా పనులన్నిటికంటే ఎక్కువ శ్రమ పడ్డాం. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

ముందు కాంపౌండు లోపల

చెరువు పని అంటే అందరూ చెరువు దగ్గరికే పోతారు. నేను క్యాంటీన్ వెనక్కి పోతాను. ఫాస్ఫేటింగ్ లైను కడుగునీళ్లు ఈటీపీకి, అంటే ఫ్యాక్టరీ వ్యర్థజలాల శుద్ధి కేంద్రానికి, పోతాయి. దానికి మీటరుంది, లాగ్‌బుక్కుంది, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలో పరిమితులున్నాయి. ఈటీపీ నడిపే కుర్రాడు చిత్తూరు డిప్లొమా, పని తెలిసినవాడు. అక్కడ వంక పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకలేదు.

తేడా వాననీటి కాలువలో ఉంది. క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే చోటి పైపును ఎప్పుడో ఒక ప్లంబింగ్ కాంట్రాక్టరు దగ్గరలో ఉంది కదా అని వాననీటి కాలువకు కలిపేశాడు. స్క్రాప్ యార్డుకు పైకప్పు లేదు. కటింగ్ ఆయిల్ అంటిన ఇనుప తురుము అక్కడే కుప్పగా పోస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మొదటి వాన పడగానే ఆ నూనె అంతా కొట్టుకుపోయి నేరుగా చెరువులో పడుతుంది. చట్టం మీటరు పెట్టమన్న పైపులో నీళ్లు శుభ్రం, ఎవరూ మీటరు పెట్టని కాలువలో జిడ్డు. ఇది ఈ ఒక్క కంపెనీ సంగతే కాదు. ఆడిట్లలో వాననీటి కాలువను ఎవరూ కొలవరు, వాన లేని రోజు చూస్తే అది పొడిగానే కనిపిస్తుంది.

రెండో సంగతి గేటు దగ్గర. పైచెరువు నుంచి వచ్చే రాజకాలువె, మన వైపు వాగుకాలువ అంటాం కదా, అది కంపెనీ లారీల గేటు కిందినుంచి పోతుంది. గేటు కట్టినప్పుడు కాలువ అడ్డొస్తే ఒక సిమెంటు గొట్టం వేసి పైన కాంక్రీటు పోశారు. గొట్టంలో సగానికి పైగా పూడిక. వాన గట్టిగా పడితే నీళ్లు గొట్టంలో పట్టక రోడ్డెక్కి, అవతలి లేబర్ కాలనీలోకి పోయేవి. "ఈ చెరువుకు నీళ్లు రావడం లేదు, ఆ కాలనీ మునుగుతోంది" అని ఊళ్లో రెండు వేర్వేరు గొడవలు నడుస్తున్నాయి. రెంటికీ కారణం ఒకటే గొట్టం.

అందుకని మొదటి ఖర్చు గేటు దగ్గరే పెట్టించాను. గొట్టం తీసేసి, పూడిక తీసే మనిషి దిగగలిగేటంత వెడల్పున కల్వర్టు. స్క్రాప్ యార్డుకు రేకుల కప్పు, చుట్టూ చిన్న గట్టు, నూనె ఆగే తొట్టి. క్యాంటీన్ పైపు ఎస్టీపీకి, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రానికి. ఫొటోకు పనికొచ్చేది వీటిలో ఒక్కటీ లేదు. కమ్యూనికేషన్స్ వాళ్లు కాస్త నిరాశపడ్డారు.

ఇంకో మాట. ఈ పనులకు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) డబ్బు వాడదామని ఫైనాన్స్ నుంచి ప్రతిపాదన వచ్చింది. కుదరదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద 2021లో సవరించిన నిబంధనల ప్రకారం, వేరే ఏ చట్టం కిందనైనా ఎలాగూ చేయవలసిన పనిని సీఎస్ఆర్ అనడానికి వీల్లేదు. తన మురికిని తాను ఆపుకోవడం చట్టబద్ధమైన బాధ్యత, సమాజసేవ కాదు. అదే నిబంధనల్లో మార్కెటింగ్ లాభం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్పులు కూడా సీఎస్ఆర్ కావని ఉంది. ఆ క్లాజు చూపించాక గేటు మీది పెద్ద లోగో చిన్న రాతిపలకగా మారింది.

గట్టు మీద ఎవరెవరు

డ్రాయింగులో కంచె ఉన్న చోట నిజంగా ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఉదయం, మధ్యాహ్నం, చీకటిపడ్డాక వేర్వేరు రోజుల్లో గట్టు మీద కూర్చున్నాం. తెల్లవారగానే గడ్డి కోసే ఆడవాళ్లు వస్తారు. నందిని డెయిరీకి పాలు పోసే ఇళ్లు అవి. కొన్న గడ్డితో ఆవులను మేపితే పాల డబ్బులు గడ్డికే సరిపోతాయి. పది గంటలకు పశువులు. చేపల కాంట్రాక్టరు మనుషులు వారానికి కొన్నిసార్లు. కట్ట మీద గంగమ్మ గుడి, ఏడాదికోసారి జాతర. సాయంత్రం లేబర్ కాలనీ నుంచి బిహార్, ఒడిశా కుర్రాళ్లు బట్టలు ఉతుక్కోవడానికి. రాత్రి సెప్టిక్ ట్యాంకుల మురుగు తెచ్చి పారబోసే బండ్లు.

ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నారు, ఆయన తాతలు నీరుగంట్లు. తూము తెరిచి ఏ మడికి ఎంత నీళ్లు పోవాలో పంచే పని వాళ్లది. ఇప్పుడు చెరువు కింద మళ్లు లేవు, లేఔట్లున్నాయి, తూము పని కూడా లేదు. కానీ ఏ కాలువ ఎప్పుడు పారుతుందో, నేల ఎక్కడ మెత్తనో, అలుగు మీద నీళ్లు పోతే ఎటు పోతాయో ఆయనకు తెలిసినంత మా సర్వే పరికరానికి తెలియదు. డ్రాయింగు చూపిస్తే కాసేపు తిప్పి తిప్పి చూసి అడిగారు: "నడిచేదానికి దారి వేసినారు సార్, బాగుంది. మా పశువులు దిగేదానికి దారి ఏడుంది?"

కంచె ఆ మీటింగులోనే పోయింది. పశువులు దిగడానికి ఒకచోట రాళ్లు పరిచిన వాలు, నీళ్లు తాగడానికి తొట్టి. గడ్డి కోసే హక్కు అలాగే ఉంచాం. పైగా అదే మాకు పనికొచ్చింది, ఎలాగో కింద చెబుతాను. బట్టలు ఉతికేవాళ్లకు కాలనీ దగ్గరే కుళాయిలు, చప్టా వేసి, ఆ నీళ్లను ఇంకుడుగుంటకు మళ్లించాం. సబ్బు నీళ్లలోని ఫాస్ఫేట్ చెరువుకు మంచిది కాదని గట్టు మీద బోర్డు పెట్టి ఊరుకుంటే ఎవరూ మానరు. వాళ్ల గదుల్లో నీళ్లు లేకనే ఇక్కడికి వస్తున్నారు.

చేపల కాంట్రాక్టు చిక్కు వేరే రకం. పంచాయతీ వేలంలో పాడుకున్నవాడు చెరువులో కోళ్ల దుకాణాల వ్యర్థాలు పోసేవాడు, చేపలు త్వరగా బరువెక్కుతాయని. ఎక్కువగా పెంచేది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. దాని పెంపకం మన దేశంలో నిషిద్ధం. మురికిలోనూ బతుకుతుంది, మిగతా చేపల్ని తినేస్తుంది. కాంట్రాక్టరును తరిమేస్తే పంచాయతీకి ఆదాయం పోతుంది, మనకు శత్రువు మిగులుతాడు. తర్వాతి వేలం షరతుల్లో వ్యర్థాలు పోయకూడదని, కట్ల, రోహు, గడ్డిచేప మాత్రమే పెంచాలని రాయించాం. పాట తగ్గితే ఆ తేడా కొంతకాలం కంపెనీ భరిస్తుందని పంచాయతీకి మాట ఇచ్చాం. పాట తగ్గింది, అనుకున్నంత కాదు.

నీటి పని

ఈ చెరువుకు రెండు వైపుల నుంచి నీళ్లు. ఒకటి గేటు కింది వాగుకాలువ. రెండోది ఎగువ లేఔట్ నుంచి మురుగు. ఆ లేఔట్‌లో భూగర్భ డ్రైనేజీ లేదు. ఇళ్ల సంఘానికి ఎస్టీపీ ఉంది గానీ, కరెంటు బిల్లు ఎక్కువవుతుందని సగం రోజులు ఆపేసేవారు. ఏడాది పొడవునా మురుగు రావడం వల్ల చెరువు ఎండాకాలంలోనూ నిండుగానే కనిపించేది. బెంగళూరు చుట్టుపక్కల చాలా చెరువుల స్థితి ఇదే. పూర్వం వేసవిలో ఎండి, అడుగు మట్టి తీయడానికి వీలిచ్చిన చెరువులు ఇప్పుడు మురుగుతో ఎప్పుడూ నిండుకుండలే.

నీళ్లు ఎలా ఉన్నాయో చూడడానికి ఒక్క సంఖ్య అడిగితే, తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతో చూడమంటాను. పగలు కొలిస్తే నాచు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ పెంచి మనల్ని మోసం చేస్తుంది. రాత్రంతా అదే నాచు ఆక్సిజన్‌ను తినేస్తుంది. చేపలు చచ్చేది తెల్లవారుజామునే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో చేపలకు, వన్యప్రాణులకు పనికొచ్చే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. కంపెనీ పాత రిపోర్టుల్లో అన్నీ మధ్యాహ్నం పన్నెండు గంటల నమూనాలే. బాగున్నట్టే కనిపించేవి. 2016 మార్చిలో అలసూరు చెరువులో చేపలు తేలినప్పుడు ఊరంతా ముక్కు మూసుకుంది. మన చెరువుల్లో చాలా వాటికి ఆ ప్రమాదం తొలకరి వానతోపాటు వస్తుంది, కాలువల్లో నెలల తరబడి పేరుకున్న బురద ఒక్కసారి కొట్టుకొస్తుంది కాబట్టి.

అందుకని డబ్బంతా నీళ్లు చెరువులో పడే చోట పెట్టాం. వాగుకాలువ ముఖం దగ్గర చెత్త ఆపే ఇనుప జల్లెడ, దాని వెనక పూడిక దిగే లోతైన గుంట. లేఔట్ వైపు కూడా అలాంటిదే, దాని తర్వాత జమ్ము, మెట్టతామర నాటిన తడినేల. ఈ పద్ధతి బెంగళూరుకు కొత్త కాదు. ఉత్తరాన జక్కూరు చెరువులో ఎస్టీపీ నుంచి వచ్చే శుద్ధనీరు తడినేల గుండా పారాకే చెరువులోకి చేరుతుంది. అక్కడికి ప్లాంట్ హెడ్‌ను, పంచాయతీ సభ్యులను తీసుకెళ్లి చూపించాను. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి: ఇలాంటి తడినేల పచ్చి మురుగును శుభ్రం చేయజాలదు. ఎస్టీపీ నడిచాక మిగిలిన నైట్రోజన్, ఫాస్ఫరస్‌ను కొంత లాగుతుంది, అంతే. లేఔట్ ఎస్టీపీ ఆగితే మా జమ్ము నల్లటి బురదలో నిలబడుతుంది.

ఇక్కడే గడ్డి కోసే ఆడవాళ్లు పనికొచ్చారు. మొక్క ఫాస్ఫరస్‌ను పీల్చుకుంటుంది సరే, ఆ మొక్క అక్కడే చచ్చి కుళ్లితే పీల్చిందంతా మళ్లీ నీళ్లలోకే. కోసి బయటికి తీస్తేనే లెక్క. కాబట్టి తడినేల కోత పని ఊరి స్త్రీశక్తి సంఘానికి ఇచ్చాం, కూలి లెక్కన. జమ్మును కంపోస్టు చేస్తారు. మురుగు నీటిలో పెరిగింది కాబట్టి ఆవులకు వేయొద్దని ముందే అనుకున్నాం. ఆవులకు గట్టు గడ్డి, కంపోస్టుకు జమ్ము. ఈ విభజన సంఘం వాళ్లు పెట్టుకున్నదే, పాటించేదీ వాళ్లే.

పూడిక తీత గురించి వాదన నడిచింది. కాంట్రాక్టరుకు ఎంత తవ్వితే అంత బిల్లు, కాబట్టి చెరువును మొత్తం గిన్నెలా తవ్వుదామన్నాడు. అలా తవ్వితే అంచుల్లో లోతు తక్కువ నీళ్లు ఉండవు. కొంగలు, నీటికోళ్లు, ఉల్లంకి పిట్టలు తిరిగేది ఆ అంచుల్లోనే. పైగా అడుగున తరతరాల జిగటమట్టి పొరను చీల్చితే నీళ్లు నిలవవు. పూడిక ఎక్కువ పేరుకున్న కాలువ ముఖాల దగ్గర మాత్రమే తీశాం. పూర్వం చెరువు మట్టిని రైతులు పొలాలకు తోలుకుపోయేవారు. పారిశ్రామికవాడ పక్కనున్న చెరువులో ఆ పని గుడ్డిగా చేయకూడదు. లోహాల పరీక్ష చేయించాం. తీసిన మట్టిని కట్ట బలపరచడానికి వాడాం, తినే పంటల పొలాలకు ఇవ్వలేదు.

వినాయక చవితి నిమజ్జనానికి ఒక పక్క చిన్న కల్యాణి (మెట్ల కొలను) కట్టాం. జాతర రోజున గంగమ్మకు తెప్ప తిప్పే చోటును ముట్టుకోలేదు.

డబ్బు ఎవరిది, ఆస్తి ఎవరిది

చట్టం ప్రకారం నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలు, అలాగే టర్నోవర్ లేదా నికర విలువ నిర్ణీత పరిమితి దాటినవి, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చు పెట్టాలి. ఈ కంపెనీ ఆ పరిధిలోనే ఉంది. కాలువ ముఖాలు, తడినేల, పశువుల వాలు, ఉతుకు చప్టా, కల్యాణి సీఎస్ఆర్ కింద చేశాం. ఈ డబ్బుతో కట్టినదేదీ కంపెనీ పేరున ఉండకూడదు. ప్రభుత్వ సంస్థకో, లబ్ధిదారుల సంఘాలకో, రిజిస్టరైన ట్రస్టుకో, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీకో చెందాలి. చెరువు పంచాయతీది కాబట్టి ఆస్తులు పంచాయతీ రిజిస్టరులోకి ఎక్కించాం.

ముందుగా తాలూకా సర్వేయరుతో హద్దులు కొలిపించి రాళ్లు నాటించాం. తర్వాత చెరువుల ప్రాధికార సంస్థ అనుమతి. ఈ రెండూ లేకుండా మొదలుపెట్టిన పనులు మధ్యలో కోర్టు మెట్లెక్కడం చూశాను. నగరపాలక పరిధిలోని చెరువుల విషయంలో ప్రైవేటు కంపెనీలతో ఒప్పందాలకు కర్ణాటక హైకోర్టు 2020లో అడ్డు చెప్పింది. కంపెనీ డబ్బు ఇవ్వొచ్చు, చెరువు మీద అధికారం తీసుకోకూడదన్నది నేను దాన్నుంచి తీసుకున్న పాఠం. అందుకే మా కాగితాల్లో 'దత్తత' అనే మాట ఎక్కడా రాయనివ్వలేదు.

అసలు చిక్కు ఇది. సీఎస్ఆర్‌లో 'కొనసాగే ప్రాజెక్టు' అంటే మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లు మాత్రమే. ఖర్చు కాని డబ్బును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, మూడేళ్లలో వాడాలి. చెరువుకు ఇలాంటి గడువులుండవు. పూడిక గుంటను ఏటా రెండుసార్లు ఖాళీ చేయాలి, ఏప్రిల్ వానలకు ముందొకసారి, సెప్టెంబరు భారీ వానలకు ముందు ఇంకోసారి. గుర్రపుడెక్క అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది, దాన్ని చిన్నప్పుడే తీసేయాలి. తడినేల కోత. జల్లెడలో చెత్త రోజూ. నెలకోసారి తెల్లవారుజాము నీటి పరీక్ష. ఇవన్నీ చిన్న ఖర్చులే, కానీ ఎప్పటికీ ఆగని ఖర్చులు. పంచాయతీ దగ్గర అంత డబ్బు లేదు. సీఎస్ఆర్ కమిటీకి నాలుగో ఏడాదికల్లా కొత్త ప్రాజెక్టు కావాలి, పాత చెరువు పూడిక తీత ఖర్చును వార్షిక నివేదికలో ఎవరు చదువుతారు?

ఈ మాట కంపెనీలో చాలాసార్లు చెప్పాను. "చూద్దాం అండీ" అనేవారు.

2024 వేసవి

ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి బెంగళూరు నీటి కష్టం దేశమంతా చూసింది. ఆనేకల్ సహా బెంగళూరు నగర జిల్లా తాలూకాలన్నీ కేంద్ర భూగర్భ జల మండలి లెక్కల్లో 'అతిగా తోడినవి'. కంపెనీ బోర్లు ఒకటొకటిగా గాలి కక్కాయి. ట్యాంకర్ల రేట్లు ఎక్కడికో పోతే, మార్చిలో జిల్లా యంత్రాంగం 12,000 లీటర్ల ట్యాంకరుకు 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలని రేటు కట్టింది. రేటు కాగితం మీద ఉంది, ట్యాంకరు గేటు దగ్గర లేదు. ఫాస్ఫేటింగ్ లైనుకు కడుగునీళ్లు లేక షిఫ్టులు ఆగాయి. సప్లై ఆలస్యమైతే బండ్ల కంపెనీ నుంచి పెనాల్టీ. ప్లాంట్ హెడ్ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఆ వారంలోనే ఆయన ఫోన్ చేశారు. "ఏమండీ, మీరు ఎప్పటినుంచో అంటున్నారు కదా, ఆ వాననీటి లెక్క ఒకసారి తెండి."

లెక్క చాలా తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. షెడ్ల కప్పు 8,000 చదరపు మీటర్లు, అంటే రెండెకరాలు. బెంగళూరు వర్షపాతం ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ. జాగ్రత్తగా 900 వేసుకుని, అందులో 80 శాతమే పట్టగలమనుకున్నా 57 లక్షల లీటర్లకు పైనే. ఇంచుమించు 480 ట్యాంకర్లు. అన్నీ ఒక్కసారి నిల్వ చేయలేం గానీ, వానాకాలం నెలల్లో లైనును దీనితోనే నడపొచ్చు. బోరు నీళ్లు ఇక్కడ బాగా గట్టివి. చివరి కడుగుకు ఆర్ఓ చేస్తే చాలా భాగం ఉప్పునీళ్లుగా పారబోయాల్సి వస్తుంది. వాననీటిలో లవణాలు తక్కువ, ఆర్ఓ మీద భారమూ తక్కువ. కడుగు తొట్లను ఎదురు ప్రవాహంలో కలిపాం: చివరి తొట్టి నీళ్లు దాని ముందు తొట్టికి, అక్కడినుంచి ఇంకా ముందుకు. అవే నీళ్లు మూడుసార్లు పనిచేస్తాయి.

ఈ పనులు చేస్తున్నప్పుడే నీటి పద్దు అని ఒకటి ఫ్యాక్టరీ నిర్వహణ బడ్జెట్‌లో కొత్తగా వచ్చింది. బోర్లు, ట్యాంకర్లు, ఆర్ఓ, వాననీటి ట్యాంకులు అందులో ఉన్నాయి. చెరువు నిర్వహణను అదే పద్దులో వేయమని అడిగాను. ఆడిటర్ అడ్డుపడ్డారు. సీఎస్ఆర్ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకునే వీలు చట్టంలో లేదు, ఇది మారువేషంలో సీఎస్ఆర్ అనుకుంటే ఎలా అని. న్యాయమైన ప్రశ్నే. కాబట్టి పంచాయతీతో రాతపూర్వక సేవా ఒప్పందం చేశాం: గేటు కింది కల్వర్టు, వాగుకాలువ, పూడిక గుంట, తడినేల నిర్వహణ, ఎవరు చేస్తారు, ఎప్పుడు, ఎంతకు. కల్వర్టు మూసుకుపోతే ముందు మునిగేది కంపెనీ లారీల యార్డే. చెరువు పక్కనున్న బావుల్లో నీటిమట్టం పడితే ముందు ఎండేది కంపెనీ బోరే. దీన్ని 2% లెక్కలో చూపకూడదని కూడా రాయించాం. ఆడిటర్ సంతకం పెట్టడానికి మూడు డ్రాఫ్టులు మారాయి, మొత్తానికి పెట్టారు.

మరి ఇది స్వార్థం కాదా అని సీఎస్ఆర్ కమిటీలో ఒకరు అడిగారు. అవును, ఆ మేరకు స్వార్థమే. ఉదారంగా ఇచ్చిన డబ్బు లాభం తగ్గిన ఏడాది ఆగిపోతుంది. ఫ్యాక్టరీ నడవడానికి పెట్టే డబ్బును ఆపాలంటే ఎవరైనా కారణం చెప్పాలి.

గొప్పలు చెప్పుకునే లెక్కలు

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి పెద్ద వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికను తప్పనిసరి చేసింది. ఈ కంపెనీ లిస్టెడ్ కాదు, కానీ వీళ్ల దగ్గర కొనే బండ్ల కంపెనీలు ఆ పరిధిలోవే. నీటి లెక్కలు ఇవ్వమని వాళ్లు అడుగుతున్నారు. వెంటనే కమ్యూనికేషన్స్ టీమ్ "మనం వాటర్ పాజిటివ్ అని వేసుకుందామా?" అంది. చెరువు పట్టే నీళ్లన్నీ మన ఖాతాలో వేసేసుకుని, వాడినదానికంటే ఎక్కువ నీళ్లు తిరిగిస్తున్నామని చెప్పుకోవడమన్న మాట.

ఒప్పుకోలేదు. వాన మనం కురిపించలేదు, చెరువు మనం తవ్వలేదు. ఏడాదికి మీటరున్నర దాకా నీళ్లు ఆవిరిగానే పోతాయి. భూమిలోకి ఇంకిన నీళ్లు ఈ రాతి నేలలో పగుళ్ల వెంబడి ఎటు పోతాయో చెప్పలేం, పక్క బోరులోకే వస్తాయన్న హామీ లేదు. నివేదికలో చెప్పదగినవి రెండే: బోర్ల నుంచి, ట్యాంకర్ల నుంచి తీసుకునే నీరు మీటరు లెక్కన ఎంత తగ్గిందన్నది ఒకటి, చెరువు దగ్గర ఏ పని చేశామన్నది రెండోది. ఊళ్లోని కొన్ని బావుల్లో నీటిమట్టం నెలనెలా కొలిచి పంచాయతీ గోడ మీద రాస్తున్నాం. పెరిగినా తగ్గినా రాస్తాం. దాన్ని చూసి ఊరివాళ్లు కంపెనీ బోర్ల మీటరు కూడా చూపించమన్నారు. చూపించాలా వద్దా అని లోపల కాస్త చర్చ జరిగింది. ఇప్పుడు అది కూడా గోడ మీద ఉంది. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో కంపెనీ వేసిన ధైర్యమైన అడుగు అదే.

కుదరనివి

సెప్టిక్ ట్యాంకు బండ్లను చెరువు దగ్గర ఆపగలిగాం. బండి దారికి అడ్డంగా రాళ్లు పాతాం, సంఘం వాళ్లు కాపలా పెట్టారు. వాళ్లు మానేశారనుకోను. ఇంకో చెరువుకు పోయి ఉంటారు. భూగర్భ డ్రైనేజీ వచ్చేదాకా దీనికి ఒక కంపెనీ చేయగలిగేది తక్కువ. ఈ నీళ్లన్నీ చివరికి దక్షిణ పినాకినిలో కలిసి హొసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం చేరతాయి. అక్కడి నురగ ఫొటోలు వర్షాకాలంలో పేపర్లలో చూస్తూనే ఉంటాం. అందులో మా చెరువు వాటా చిన్నదే, అలాగని లేదనలేం.

లేఔట్ ఎస్టీపీ ఇంకా పెద్ద తలనొప్పి. ఆపరేటర్ జీతం, కరెంటు బిల్లు ఇళ్ల సంఘం భరించాలి. కంపెనీ భరిస్తామంటే రేపు ప్రతి లేఔటూ అదే అడుగుతుంది. పైగా వాళ్ల చట్టపరమైన బాధ్యతను మనం మోసినట్టవుతుంది. బదులుగా ఒక బేరం పెట్టాం: ఎస్టీపీ ఇరవైనాలుగు గంటలూ నడిచి, నీళ్లు పరీక్షలో నెగ్గితే అందులో కొంత భాగాన్ని కంపెనీ తోటకూ, టాయిలెట్లకూ డబ్బిచ్చి కొంటుంది. ఆ డబ్బుతో వాళ్ల కరెంటు బిల్లులో కొంత తీరుతుంది. సంఘం కార్యదర్శి గుంటూరాయన, లెక్క బాగా తెలిసినవారు. రేటు దగ్గర ఇంకా పట్టుదలగా ఉన్నారు.

ప్లాంట్ హెడ్‌కు పుణెకు బదిలీ అయింది. కొత్తాయన వచ్చిన మొదటి నెలలోనే నీటి పద్దు చూసి, తడినేల కోత ఏడాదికి ఒకసారి సరిపోదా అని అడిగారు. ఆయనకు జవాబు నేను రాయలేదు. నీరుగంటి పెద్దాయన, స్త్రీశక్తి సంఘం అధ్యక్షురాలు ఒప్పందం కాగితంతో ఆఫీసుకు వెళ్లి, కోయకుండా వదిలేసిన ఒక మడిని చూపిస్తామని ఆయన్ను గట్టు మీదికి తీసుకెళ్లారు. పద్దు ఈ ఏడాదికి యథాతథంగా ఉంది. లేఔట్ నీళ్ల రేటు మీద తర్వాతి మీటింగు సెప్టెంబరు వానలకు ముందు, పూడిక గుంట ఖాళీ చేసే వారంలో పెట్టుకున్నాం. ఎస్టీపీ నుంచి వచ్చే బురద ఎంతో ఆ గుంటలోనే కార్యదర్శిగారికి చూపించవచ్చు.